నీడలో నందివర్ధనం

నందివర్ధనం మొక్కకి మన ఇళ్ళల్లో మంచి చోటు దొరకడం అరుదు. మీరెప్పుడైనా గమనించారో లేదో! వీధివైపు ఎండ బాగా తగిలే చోట గులాబీ వేస్తాం. నూతి దగ్గర మల్లెపొద, దాని పక్కన మందారం. తులసికోట మధ్యలో ఉండనే ఉంటుంది. ఇవన్నీ అయ్యాక ప్రహరీగోడకీ వేపచెట్టుకీ మధ్య, సూర్యుడు పూర్తిగా తొంగిచూడని మూల ఒకటి మిగిలిపోతుంది. అక్కడ ఏం వెయ్యాలా అని తలపట్టుకుంటే పక్కింటావిడో, మొక్కలబండి అబ్బాయో అంటారు, “నందివర్ధనం పెట్టండమ్మా. అది ఎక్కడైనా సర్దుకుపోతుంది” అని.

ఇప్పుడు పెరళ్ళు పోయి బాల్కనీలు వచ్చాయి. ఎదురుగా ఇంకో అయిదంతస్తుల మేడ లేచి, ఉన్న కాస్త ఎండనీ మింగేస్తోంది. అయినా సలహా మాత్రం మారలేదు. ఉత్తరం వైపు బాల్కనీకి ఏది బాగుంటుందంటే ఇప్పటికీ మొదట వినిపించే పేర్లలో నందివర్ధనం ఒకటి.

ఆ సలహా తప్పని నేననను. అందులో ఉన్న “సర్దుకుపోతుంది” అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోతుంది. ఎందుకంటే ఆ మాటని మనం మొక్కల విషయంలో ఎంత ధారాళంగా వాడతామో, మనుషుల విషయంలో అంతకన్నా ధారాళంగా వాడతాం. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు ఆడపిల్లకిచ్చే మొదటి సర్టిఫికెట్టు అదే కదా! “పిల్ల చాలా మంచిది, ఎక్కడైనా సర్దుకుపోతుంది.” ఇక ఆ పిల్లని ఏ మూల నాటినా ఫరవాలేదన్నమాట.

ఇక్కడ నాకో సందేహం. తక్కువతో బతకగలిగే వాళ్ళకి తక్కువే ఇవ్వడం న్యాయమేనా? ఓర్పు ఉన్నవాళ్ళని మెచ్చుకుంటున్నామా, లేక ఆ మెప్పుతో వాళ్ళకి ఇవ్వవలసిన బాకీ చెల్లు వేసుకుంటున్నామా?

సందేహం తీర్చుకోవాలంటే ముందు మొక్క సంగతి కాస్త తెలియాలి. నందివర్ధనం మన దేశపు మొక్కే. గన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు దీనికి దగ్గర చుట్టాలు. ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ పాలు మంచివి కావు, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు టాబర్నేమోంటానా డైవారికేటా. మొదటి భాగం పదహారో శతాబ్దపు జర్మన్ వైద్యుడొకాయన పేరు మీదుగా వచ్చింది. రెండో మాటకి కొమ్మలు ఎడంగా పరుచుకునేది అని అర్థం. మన పేరు ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో నంది అంటే ఆనందం అని కూడా అర్థం ఉంది, వర్ధనం అంటే వృద్ధి. ఆనందాన్ని పెంచేది అని చెప్పుకోవచ్చు. అయిదు రేకులు గాలిమరలా తిరిగినట్టుండేది రేకనందివర్ధనం. గులాబీలా రేకుల మీద రేకులుండేది ముద్దనందివర్ధనం. రాత్రిపూట మెత్తని వాసన. తెల్లారి శివుడి పూజకి సజ్జ నిండుగా పూలు.

ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. అలాగని ఆకు రాలదనుకునేరు! మోడైపోయే చెట్లు ఆకులన్నీ ఒక్కసారి, లోకమంతా చూసేలా రాలుస్తాయి. నందివర్ధనం ఒక్కొక్కటే, చిగురు వేసుకుంటూ రాలుస్తుంది కనుక మన కంటికి ఆనదు. ఆకు రాల్చని చెట్టంటూ ఈ లోకంలో లేదు.

నీడలో ఈ మొక్క ఎలా బతుకుతుందో తెలిస్తే మధ్యతరగతి ఇల్లాలికి నవ్వొస్తుంది. ఆకు వెలుగుతో ఆహారం తయారుచేసుకుంటుంది. అది సంపాదన. ఊపిరి తీసుకోవడానికీ, వేరుని, కాండాన్ని పోషించడానికీ రాత్రింబగళ్ళు ఆ ఆహారాన్నే వాడుతుంది. అది ఖర్చు. ఎంత వెలుగు దగ్గర ఈ జమా ఖర్చులు సరిసమానమవుతాయో దాన్ని వృక్షశాస్త్రంలో కాంపెన్సేషన్ పాయింట్ అంటారు. అంతకన్నా వెలుగు తగ్గితే మొక్క అప్పుల పాలవుతుంది, మెల్లిగా చస్తుంది. నీడని తట్టుకునే మొక్కలు చేసేదేమిటంటే, సంపాదన పెంచుకునే మార్గం లేక ఖర్చు తగ్గించుకుంటాయి. ఆకుని వెడల్పు చేసుకుంటాయి, పల్చన చేసుకుంటాయి. పచ్చదనం ఎక్కువ నింపుకుని, పడ్డ ప్రతి వెలుగుచుక్కనీ ఒడిసిపట్టుకుంటాయి. ఒకటో తారీఖున వచ్చిన జీతంతో ముప్ఫయ్యో తారీఖుదాకా లాక్కొచ్చే ఆవిడకి ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు!

అయితే ఒక చిక్కుంది. పువ్వు మిగులులోంచి వస్తుంది. జమా ఖర్చూ సరిపోయిన మొక్క బతుకుతుంది, పచ్చగానే ఉంటుంది, చూసేవాళ్ళకి లోటేమీ కనపడదు. పూలు మాత్రం తగ్గిపోతాయి. రోజుకి మూడు నాలుగు గంటల ఎండ తగిలే నందివర్ధనం పొదనిండా పూస్తుంది. చిక్కటి నీడలో ఉన్నది అక్కడొకటి ఇక్కడొకటి పూస్తుంది. అప్పుడు మనమేమంటాం? “ఈ జాతే ఇంత, పెద్దగా పూయదు” అంటాం. చోటు చేసిన నేరాన్ని జాతికి అంటగట్టడం మనకి కొత్తకాదు.

నా నవలలు చదివి ఉత్తరాలు రాసేవాళ్ళూ, ఫోన్లు చేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళే. “మీ కథానాయిక కాస్త ఓర్చుకుని ఉంటే బాగుండేదండీ” అంటారు. ఓర్చుకున్న కథానాయికని రాస్తే, “అచ్చం మా అమ్మలాగే ఉంది, కళ్ళనీళ్ళు వచ్చాయి” అంటారు. ఆ కన్నీళ్ళ మీద నాకెంతో గౌరవం. కానీ ఒక్కటి అడగాలనిపిస్తుంది. అమ్మ ఓర్పుకి మనం కన్నీళ్ళు పెట్టుకోవడం బాగానే ఉంది. ఆవిడ అంత ఓర్చుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందో, ఆ ఓర్పు వల్ల హాయిగా నిద్రపోయిందెవరో మనం లెక్క చూశామా?

మా బంధువుల్లో ఒకావిడ ఉండేది. నాకు దొడ్డమ్మ వరస. ఎనిమిదిమంది ఉండే ఇల్లు. ఆవిడకి చదవడమంటే ప్రాణం. ఇంటికొచ్చే ఒక్క పేపరూ పొద్దున్న పెదనాన్నగారి చేతుల్లోంచి మరిదిగారికీ, అక్కణ్ణించి పిల్లలకీ వెళ్ళి, సాయంత్రం నాలుగింటికి దొడ్డమ్మకి చేరేది. అప్పటికి దాన్లో సగం పేజీలు మడతలు పోయి, ఒక పేజీ కత్తిరించి, ఇంకో పేజీ పప్పుల డబ్బా అడుగున పరిచి ఉండేది. ఆవిడ ఆ మిగిలినదే చదువుకునేది. “నాకేం తొందర? వార్త సాయంత్రమైనా వార్తే” అనేది నవ్వుతూ. ఇంట్లో అందరూ అదే చెప్పుకునేవారు, “దొడ్డమ్మకి ఏ పట్టింపులూ లేవు” అని.

ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆవిడ మేనల్లుడొకడు ఆవిడ పేరనే ఇంకో పేపరు వేయించాడు. “అత్తయ్యా, ఇది నీది. నువ్వు చదివేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు” అన్నాడు. “రెండు పేపర్లెందుకురా, డబ్బు దండగ!” అని ఆవిడ వారంరోజులు నసిగింది. పేపరు మడత విప్పకుండా బల్లమీదే పెట్టి, ఎప్పటిలా సాయంత్రమే తీసింది. తర్వాత మెల్లిగా పొద్దున్న పూట తలుపు దగ్గర నించుని పెద్దక్షరాలు చూడసాగింది. నెలతిరిగేసరికి వరండాలో కుర్చీ వేసుకుని కూచునే చదివేది. ఓ రోజు సంపాదకీయం మీద పెదనాన్నగారితో వాదన కూడా వేసుకుంది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆవిడకి రాజకీయాల మీద ఒక అభిప్రాయం ఉందన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పెదనాన్నగారు గొంతు తగ్గించి అన్నారు, “ఈమధ్య మీ దొడ్డమ్మ చాలా మారిపోయిందే.”

“ఏం మారిందండీ?”

“కాఫీ ఏడున్నరకిగానీ రావటంలేదు.”

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వారు. ఆయన మంచివారే. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. అదే దీన్లో ఉన్న తమాషా! వేపచెట్టుకి నందివర్ధనం మీద పగేమీ లేదు. తన కొమ్మలు తను చాచుకుంటుంది, అంతే. కిందపడే నీడ సంగతి దానికి తెలియదు. చెట్టు తల వంచి కిందికి చూడలేదు గనుక దాన్ని తప్పుపట్టలేం. మనిషి చూడగలడు.

ఇక్కడ మీరు నన్ను నిలదీయవచ్చు. “ఆవిడే తృప్తిగా ఉన్నానంటుంటే మధ్యలో మీకెందుకండీ బాధ?” అని. బలమైన ప్రశ్నే. తృప్తి అన్నది మనసుకి సంబంధించింది. ఒక మనిషి నేను సుఖంగా ఉన్నానంటే, కాదు నీకు తెలియదు, నువ్వు దుఃఖంలో ఉన్నావని చెప్పడానికి నేనెవర్ని? అదీ ఒక రకం అహంకారమే.

దీనికి సమాధానం నాకు మళ్ళీ మొక్క దగ్గరే దొరికింది. చాలాకాలం నీడలో ఉన్న కుండీని తీసుకెళ్ళి ఒక్కసారిగా ఎండలో పెట్టి చూడండి. నాలుగురోజుల్లో ఆకులు తెల్లబారతాయి, అంచులు మాడతాయి, కొన్ని రాలిపోతాయి. “చూశారా, దీనికి నీడే ఇష్టం” అని కుండీని మళ్ళీ మూలకి చేర్చేవాళ్ళే ఎక్కువ. కానీ జరిగింది వేరు. ఆ ఆకు విచ్చుకున్నప్పుడే నీడకి తగ్గట్టు పల్చగా తయారైపోయింది. తయారైన ఆకు మళ్ళీ పూర్తిగా ఎండ ఆకు కాలేదు. అందుకే రెండుమూడు వారాలపాటు కొంచెం కొంచెంగా వెలుగుకి జరపాలి. పాత ఆకులు కొన్ని పోతే పోనివ్వాలి. అప్పుడొచ్చే చిగురు చిన్నదిగా, మందంగా, మెరుస్తూ వస్తుంది. దాని వెనకాలే మొగ్గలొస్తాయి.

కనక పాత ఆకు చెప్పిన సాక్ష్యం చాలదు. నీడలోనే తయారైన ఆకు నీడ బాగుందనే చెబుతుంది, అబద్ధమాడకుండానే చెబుతుంది. కొత్త చిగురు ఏమంటుందో కూడా వినాలి. అమర్త్య సేన్ గారు అర్థశాస్త్రంలో చెప్పింది కూడా ఇలాంటిదే. ఏళ్ళ తరబడి లేమిలో బతికినవాళ్ళు తమ కోరికలని అందుబాటులో ఉన్న వాటికి సరిపోయేలా కుదించుకుంటారు; అందుచేత వాళ్ళ తృప్తిని కొలబద్దగా తీసుకుని వాళ్ళకి న్యాయం జరిగిందని తేల్చెయ్యకూడదని ఆయన వాదన. మా దొడ్డమ్మ “వార్త సాయంత్రమైనా వార్తే” అన్నప్పుడు అబద్ధం చెప్పలేదు. అయితే పొద్దున్న పేపరు ఎలా ఉంటుందో ఆవిడకి అప్పటికి తెలియదు. తెలిశాక ఆవిడే నిర్ణయించుకుంది. నిర్ణయం ఆవిడదే కావాలి, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ రెండో పేపరు బల్లమీద ఉంటేగదా నిర్ణయం!

మరి పెద్దలు సంతోషాన్ని అంత పెద్ద గుణంగా ఎందుకు చెప్పారు? దొరికినదానితో తృప్తిపడమని గీత చెప్పలేదా? చెప్పింది. పతంజలి యోగశాస్త్రంలోనూ సంతోషం ఉంది. కానీ ఎక్కడ ఉందో చూడండి. ఆయన యమాలు అయిదు, నియమాలు అయిదు చెప్పాడు. సంతోషం నియమాల్లో ఉంది. నియమాలంటే మనిషి తన మీద తను పెట్టుకునే కట్టుబాట్లు. ఎదుటివాడి పట్ల మనం నడుచుకోవలసిన తీరు ముఖ్యంగా యమాల్లో ఉంది. ఆ అయిదింట్లో అహింస, సత్యం తర్వాత వచ్చేది అస్తేయం, అంటే దొంగతనం చెయ్యకపోవడం. చివరిది అపరిగ్రహం, అంటే అక్కర్లేనిది పోగేసుకోకపోవడం.

నాకు ఈ అమరిక ఎంతో తెలివైనదిగా తోస్తుంది. ఉన్నదానితో సంతోషంగా ఉండాలని నాకు నేను చెప్పుకోవచ్చు. అది సాధన. అదే మాట నా చేతికింద ఉన్న మనిషికి నేను చెబితే అది సాధన కాకుండా పోతుంది. ఇంట్లో వంటచేసే ఆవిడ జీతం పెంచమన్నప్పుడు తృప్తి గురించి ఉపన్యసించేవాళ్ళనీ, ఆస్తి పంపకాల దగ్గర ఆడపిల్లకి త్యాగం గురించి కథలు చెప్పేవాళ్ళనీ మీరు చూసే ఉంటారు. హిందూ వారసత్వ చట్టాన్ని 2005లో సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చారు. ఆంధ్రదేశంలో అయితే అంతకుముందే, 1985లో సవరణ తెచ్చారు. చట్టం వచ్చిందిగానీ, “అన్నయ్యతో గొడవెందుకు, నువ్వు సర్దుకుపోయేదానివి కదమ్మా” అన్న మాట ఇంకా వినపడుతూనే ఉంది. సంతోషం అవతలివాళ్ళ వంతు, అస్తేయం ఎవరి వంతూ కాదు!

అలాగని నీడంతా అన్యాయమని కూడా నేననను. అరకు వెళ్ళినవాళ్ళు కాఫీతోటలు చూసే ఉంటారు. కాఫీ కూడా ఎప్పుడూ పచ్చగా ఉండే పొదే. వేసవిలో నాలుగు చినుకులు పడగానే కొమ్మల నిండా తెల్లని పూలు, మల్లెల్ని తలపించే వాసన. ఆ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు ఎత్తుగా నించుని నీడనిస్తాయి, వాటి మొదళ్ళకి మిరియాల తీగలు అల్లుకుంటాయి. అరబికా కాఫీ పుట్టిల్లు ఇథియోపియా కొండల్లోని అడవి. పెద్దచెట్ల కింద పెరగడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. నీడ పూర్తిగా తీసేస్తే విపరీతంగా కాసి, ఆ కాపుకి తట్టుకోలేక కొమ్మలు ఎండిపోతాయి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నీడలో పెరగడం దానికి లోటు కాలేదు.

మనుషుల్లోనూ అలాంటివాళ్ళున్నారు. వేదికలూ దండలూ అంటే ఆమడదూరం పారిపోయి, తమ గదిలో తమ పని చేసుకుంటూ కళకళలాడేవాళ్ళు. వాళ్ళని చెయ్యిపట్టుకుని ఎండలోకి లాగి “స్వేచ్ఛ అనుభవించు” అనడం కూడా హింసే. మల్లె నీడలో ఒట్టి ఆకే వేస్తుంది. కాఫీ నీడని కోరుకుంటుంది. నందివర్ధనం నీడని ఓర్చుకుంటుంది. కోరుకోవడానికీ ఓర్చుకోవడానికీ తేడా పైకి కనపడదు, రెండూ పచ్చగానే ఉంటాయి. ఆ తేడా తెలుసుకోవడమే మనం ఒకరికొకరం చెయ్యగలిగిన పెద్ద ఉపకారమని నా నమ్మకం.

ఇక తప్పించలేని నీడలు కొన్ని ఉంటాయి. ఎదురింటి మేడని మనం పడగొట్టలేం. మంచాన పడ్డ అత్తగారినీ, బిడ్డ అనారోగ్యాన్నీ, చాలీచాలని జీతాన్నీ ఎవరూ రాత్రికి రాత్రి మార్చలేరు. అలాంటిచోట కూడా చెయ్యదగినవి ఉన్నాయి. నందివర్ధనం విషయంలో అయితే వెనకగోడకి తెల్లసున్నం కొట్టించండి, పడ్డ వెలుగు ఆకు మీదికి మళ్ళుతుంది. వేపచెట్టు కింది కొమ్మలు రెండు తీయించండి. నీడలో మట్టి త్వరగా ఆరదు కాబట్టి ప్రేమకొద్దీ నీళ్ళు పొయ్యకండి, వేరు కుళ్ళుతుంది. వేలు పెట్టి చూసి పైమట్టి ఆరాకే పొయ్యండి. చెట్టు వేళ్ళు పక్కనే ఉంటే సారమంతా అవే లాగేస్తాయి గనుక దీని మొదట్లో ఏటా పశువుల ఎరువు వెయ్యండి. తలవైపు నీలిరంగు కళ్ళలాంటి మచ్చలున్న లావుపాటి ఆకుపచ్చ పురుగు కనిపిస్తే కంగారుపడకండి, ఈ విషపు పాలు తాగి పెరిగి అందమైన చిలకపచ్చ రెక్కల పురుగవుతుంది. నాలుగాకులు దానికీ ఉండనివ్వండి. వానాకాలంలో జానెడు కొమ్మ విరిచి గుచ్చితే ఇంకో మొక్క వస్తుంది. ఆ కొత్త మొక్కనైనా ముందునుంచే కాస్త ఎండ తగిలే చోట పెట్టండి.

మనుషుల విషయంలోనూ అంతే. నీడ తీసెయ్యలేకపోయినా ఒక కొమ్మ కత్తిరించవచ్చు. రోగిని చూసుకునే కోడలికి వారానికి ఒక పూట సెలవివ్వచ్చు. వంటింట్లో కిటికీ పెట్టించవచ్చు. “నువ్వెంత ఓర్పుగలదానివే” అనే ముందు, “నీకేం కావాలి?” అని అడగవచ్చు. అడిగాక మొదటి జవాబుతో లేచిపోకూడదు. మొదటి జవాబు ఎప్పుడూ “నాకేమీ వద్దు” అనే ఉంటుంది. అది పాత ఆకు మాట. ఇంకో నాలుగు రోజులాగి, ఇంకోసారి అడగాలి. ఈలోగా కాఫీ ఏడున్నరకి వచ్చినా నోరు మూసుకుని తాగాలి.